బావగారి నూనె డబ్బాలు

మెదక్ వైపు నుంచి ఒక సోదరి రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఎనిమిది పేజీల ఉత్తరం, దానికి లెక్కల పుస్తకంలోంచి చింపిన రెండు కాగితాలు, దాణా బస్తా లేబుల్ ఫోటో జతచేశారు. కుదించి చెప్తాను.

వాళ్లది 3,000 కోళ్ల బ్రాయిలర్ షెడ్డు. ఏ కంపెనీ కిందా కాదు, సొంతంగా పెంచి దగ్గరి టౌన్లో చికెన్ షాపులకు అమ్ముకుంటారు. నీళ్లు, దాణా భర్త చూస్తారు. మందులు, లెక్కలు, రాత్రిపూట బల్బులు ఈమె వంతు. రెండేళ్ల కిందట గాలివానకు షెడ్డు రేకులు లేచిపోతే భర్త అన్నగారు 3 లక్షలు సర్దారు. వడ్డీ మాట ఎత్తలేదు. ఆయనకు టౌన్లో హోటలుంది. కొన్నాళ్లకు, నూనె పోస్తే కోళ్లు బాగా బరువొస్తాయట అంటూ ఒక బ్యాచ్‌కి సీలు తీయని కొత్త పామాయిల్ డబ్బాలు ఇచ్చారు. ఆ బ్యాచ్ బాగా వచ్చింది. తర్వాతి బ్యాచ్ నుంచి వస్తున్నది మాత్రం పూరీలు, బజ్జీలు వేయించగా మిగిలిన నల్లనూనె. చాలకపోతే పక్క టిఫిన్ సెంటర్లది కూడా పోగుచేసి పంపుతున్నారు. కిలోకి 45 రూపాయలు తీసుకుంటున్నారు. 50 కిలోల దాణా బస్తాకి కిలోన్నర చొప్పున భర్త చేత్తో కలుపుతారు.

రెండు బ్యాచ్‌లు అలా గడిచాయి. లిట్టర్, అంటే షెడ్డు నేల మీద పరిచిన పొట్టు, ముద్దకట్టింది. మూడోవారంలో కొన్ని పిల్లలు మెడ తిప్పేసి, పక్కకి ఒరిగి, కాళ్లు చాచి లేవలేకపోయాయి. చావులు నూటికి 4 ఉండేవి 9కి వెళ్లాయి. షాపతను "కోస్తే పొట్టనిండా కొవ్వే" అని కిలోకి 2 రూపాయలు తగ్గించాడు. ఆపేద్దామంటే భర్త "అన్నకు ఎట్ల చెప్తం" అంటారు. ఒక పెళ్లిలో తోడికోడలు "మా నూనెకి వంకలు పెడుతున్నారటగా" అని నలుగురి ముందే అన్నదట.

అడిగినవి మూడు. కోళ్లకి నూనె పెట్టడమే తప్పా? ఈ నూనె తప్పా? అవిసె నూనె వాడి ఒమేగా-3 కోళ్లని ఎక్కువ రేటుకి అమ్ముకోవచ్చా? నాలుగోది చివరి పేజీ అంచున చిన్న అక్షరాలతో ఉంది: "మా కోడిని ఇంట్లో వండడం మానేశాను. మరి ఊరికి ఎలా అమ్మను?"

అమ్మా, ఆ నాలుగోది రాశారు కాబట్టే మీ ఉత్తరానికి ఇంత చోటిస్తున్నాను. కానీ దానికి జవాబు చెప్పాలంటే ముందు మొదటిది తేలాలి.

కోడి దాణాలో నూనె వేయడం తప్పు కాదు, కొత్తా కాదు. మొక్కజొన్న, సోయా చెక్క మాత్రమే కలిపి మాంసకృత్తులు 20 శాతం వచ్చేలా దాణా చేస్తే కిలోలో శక్తి 2,850 నుంచి 2,900 కిలోకేలరీల దగ్గర ఆగిపోతుంది. మన దేశ ప్రమాణాలు పెద్ద బ్రాయిలర్లకి, అంటే ఫినిషర్ దశకి, అడిగేది 3,200. ఆ తేడా మొక్కజొన్నతో పూడదు. మొక్కజొన్న కిలోకి సుమారు 3,350 ఇస్తే, సోయా నూనె గానీ తవుడు నూనె గానీ దాదాపు 8,800 ఇస్తుంది. అందుకే ప్రతి ఫీడ్ మిల్లులోనూ నూనె ట్యాంకు ఉంటుంది. పైగా నూనె వేస్తే దాణాలో దుమ్ము తగ్గుతుంది, ఎ, డి, ఇ విటమిన్లు ఒంటికి పడతాయి. ఎండాకాలంలో ఇంకో లాభం ఉంది. పిండి పదార్థం, మాంసకృత్తులు అరిగేటప్పుడు పుట్టేంత వేడి నూనె అరిగేటప్పుడు పుట్టదు. మే నెలలో నోరు తెరిచి రొప్పుతూ సగం దాణా వదిలేసే కోడికి అది చిన్న సాయమేమీ కాదు.

ఇప్పుడు మీరు పంపిన ఫోటో చూద్దాం. లేబుల్ మీద మాంసకృత్తులు 20, కొవ్వు 6 శాతం, శక్తి 3,200 అని ఉంది. ఆ 6 దగ్గర ఆగండి. నూనె కలపని మొక్కజొన్న సోయా దాణాలో కొవ్వు మూడు శాతం దాటడం కష్టం. అంటే మిగతా మూడు మిల్లువాడు ముందే వేసేశాడు. మీవారు పోస్తున్నది నూనె మీద నూనె.

దీనివల్ల ఏమవుతుందో లెక్క వేస్తాను, పుస్తకంలో రాసుకోండి. 100 కిలోల దాణాకి 3 కిలోల నూనె కలిస్తే శక్తి కిలోకి 3,200 నుంచి దాదాపు 3,360కి పెరుగుతుంది. మాంసకృత్తులు 20 నుంచి 19.4కి పడిపోతాయి. కోడి చాలావరకు శక్తి లెక్కనే తింటుంది. కావలసిన శక్తి అందగానే మెడ ఎత్తేస్తుంది. తక్కువ తింటుంది, ఆ తక్కువలో మాంసకృత్తులు ఇంకా తక్కువ, వాటిలో కండకి ముఖ్యమైన లైసిన్, మిథియోనిన్ కూడా అంతే. మిగిలిన శక్తి రొమ్ము కండ కాకుండా పొట్టకొవ్వుగా మారుతుంది. షాపతను కోసి చూసింది అదే. కొత్త పామాయిల్ పోసిన మొదటి బ్యాచ్ బాగా వచ్చిందన్నారు కదా, వచ్చే ఉంటుంది, ఆశ్చర్యం లేదు. పొట్టకొవ్వు కూడా కాటా మీద తూగుతుంది. కాకపోతే దాన్ని తీసి పారేసేవాడు ఊరుకోడు. ఇప్పుడు మీకు తగ్గుతున్న ఆ 2 రూపాయలు అక్కడివే అయ్యుండొచ్చు.

అంటే బావగారు మంచి నూనె ఇచ్చినా ఈ దాణా మీద పోయకూడదు. ఈ మాట గుర్తుంచుకోండి, ఇంట్లో మాట్లాడేటప్పుడు చాలా పనికొస్తుంది.

ఇక రెండో ప్రశ్న. ఒకే నూనెని రోజుల తరబడి మళ్లీ మళ్లీ కాచితే అది మామూలు నూనెగా మిగలదు. గాలి, నీరు, వేడి తగిలి విరిగి, గట్టిపడి, జిగురు తేలుతుంది. ఇలా పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వంటకి పనికిరాదని ఆహార భద్రత సంస్థ నియమం. అలాంటి నూనె దాణాలో కలిస్తే తన కుళ్లు తన దగ్గరే ఉంచుకోదు. దాణాలోని విటమిన్ ఇ, ఎ, డిలను కూడా తినేస్తుంది. విటమిన్ ఇ కరువైన పిల్లల్లో చిన్నమెదడు దెబ్బతిని, రెండు నుంచి నాలుగు వారాల వయసులో మీరు రాసినట్టే మెడ తిప్పి పడిపోతాయి. డి తగ్గితే కాళ్లు నిలవవు. లిట్టర్ ముద్దకట్టడానికి కూడా అరగని కొవ్వు ఒక కారణం.

అయితే నేను పశువైద్యురాలిని, ఉత్తరం చదివి పోస్ట్‌మార్టం చేయలేను. మెడ తిప్పడం కొక్కెర తెగులులో కూడా ఉంటుంది. ఆ తెగులు రాకుండా వేసే లసోటా టీకా ఏ రోజు వేశారో మీరు రాయలేదు. కారుతున్న డ్రింకర్లు, రక్తపారుడు కూడా లిట్టర్‌ని పాడుచేస్తాయి. విటమిన్ ఇ, సెలీనియం మందు నీళ్లలో పెట్టాక కొత్తగా పడిపోయే పిల్లలు తగ్గాయని రాశారు కాబట్టి నా అనుమానం నూనె మీదే ఉంది. ఈసారి అలా కనిపిస్తే, అప్పుడే చచ్చిన రెండు పిల్లల్ని పాలిథిన్ కవర్లో చుట్టి, ఐసు మధ్య పెట్టి మీ పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఫ్రీజర్లో గడ్డకట్టించకండి.

నూనెకి ఇంట్లోనే రెండు పరీక్షలు చేయొచ్చు. గాజుసీసాలో పోసి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దునకి అడుగున నీరు, మడ్డి ఎంత దిగిందో కనిపిస్తుంది. తర్వాత పైన తేరిన నూనె ఒక గరిటెడు పొయ్యి మీద పెట్టండి. చిటపటమంటే ఇంకా నీళ్లున్నట్టు. ముక్కిన వాసన సంగతి మీ ముక్కే చెప్తుంది, మీ ఉత్తరంలో ముందే చెప్పింది కూడా. ఖచ్చితంగా తెలియాలంటే నూనె ఎంత చెడిందో చెప్పే పెరాక్సైడ్ విలువ, ఫ్రీ ఫ్యాటీ ఆసిడ్స్ ల్యాబులో చూడాలి. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది, కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ కూడా ఉంది. నమూనా ఎక్కడ తీసుకుంటారో ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.

పక్క టిఫిన్ సెంటర్ల నూనె నాకు ఇంకా భయం. బావగారి హోటలు నూనె ఎక్కడిదో ఆయనకి తెలుసు. పోగుచేసిన డబ్బాలో ఏం కలిసిందో ఎవరికీ తెలియదు. 1999లో బెల్జియంలో ఇదే జరిగింది. దాణాకోసం సేకరించిన పాత కొవ్వులో ట్రాన్స్‌ఫార్మర్ నూనె కలిసిపోయింది. డయాక్సిన్ అనే విషం కోళ్లలోకి, గుడ్లలోకి చేరింది. దేశమంతా అంగళ్లలోంచి చికెన్, గుడ్లు తీసేయాల్సి వచ్చింది. ఆ వెంటనే వచ్చిన ఎన్నికల్లో అక్కడి ప్రభుత్వమే ఓడిపోయింది. మీ డబ్బాల్లో అలాంటిదేదో ఉందని నేననడం లేదు. ఏముందో తెలియని నూనె అని మాత్రమే అంటున్నాను.

ఇప్పుడు మీ కాగితాల లెక్క. నూనెకి ముందు ఎఫ్‌సీఆర్, అంటే కోడి కిలో బరువుకి పట్టే దాణా, 1.72 కిలోలు, ఇప్పుడు 1.88. పోయిన బ్యాచ్‌లో అమ్మిన బరువు 5,775 కిలోలు. కిలోకి 160 గ్రాముల దాణా ఎక్కువ పట్టింది, అంటే 924 కిలోలు. మీ 38 రూపాయల రేటున 35 వేలు. చచ్చిన కోళ్లు, తగ్గిన 2 రూపాయలు ఇందులో కలపలేదు. అదే బ్యాచ్‌కి బావగారివి 22 డబ్బాలు, 330 కిలోలు, 14,850 రూపాయలు. 105 రూపాయల తవుడు నూనె కొంటే 34,650 అయ్యేది. మీవారికి కనిపిస్తున్నది ఈ మిగులు, దాదాపు 20 వేలు. కనిపించనిది ఆ 35 వేలు. అది ఒక్కసారిగా జేబులోంచి పోదు, బస్తా బస్తాగా పోతుంది. అందుకే కనబడదు. నిజానికి మీ దాణాకి ఏ నూనే అక్కర్లేదు కాబట్టి ఆ మిగులు కూడా మిగులు కాదు.

ఇంకో లెక్క వేస్తే మీకు కోపం రావచ్చు, అయినా వేస్తాను. ఏడాదికి ఆరు బ్యాచ్‌లు అనుకుంటే ఈ నూనెకి మీరు కట్టేది 89 వేలు. పనికిరాని సరుకుకి కడుతున్నారు కాబట్టి అదంతా 3 లక్షలకి వడ్డీయే. నూటికి నెలకి దాదాపు రెండున్నర రూపాయల వడ్డీ. బావగారు ఇలా లెక్కేసుకుని ఉంటారని నేననుకోను. పారబోసే నూనె తమ్ముడికి పనికొస్తోంది, తనకి నాలుగు రూపాయలు వస్తున్నాయి అనుకుని ఉంటారు. మొదట సీలు డబ్బాలు ఇచ్చిన మనిషి కదా. కానీ వడ్డీ లేదనుకున్న అప్పుకి వడ్డీ నడుస్తూనే ఉంది. మీవారి నోరు కట్టేస్తున్నది నూనె కాదు, ఆ అప్పు.

కాబట్టి నూనెని, అప్పుని విడదీయండి. ఎలా అన్నది మీ ఇద్దరూ తేల్చుకోవాలి. నాకు కనిపించే దారులు చెప్తాను.

డబ్బాలు తీసుకుని, డబ్బులు కట్టి, దాణాలో పోయకుండా ఊరుకోవడం ఒకటి. గొడవ ఉండదు. చాలా ఇళ్లలో ఇలాంటివి నడుస్తుంటాయి. కానీ ఏడాదికి 89 వేలు పెట్టి మౌనం కొనుక్కున్నట్టు. పైగా ఏదో ఒకరోజు షెడ్డు వెనక డబ్బాలు బయటపడతాయి. ఆరోజు ఇప్పటికంటే పెద్ద మాట పడాలి.

అప్పుకి నెలనెలా వడ్డీ డబ్బుగానే ఇస్తామనడం ఇంకొకటి. రూపాయిన్నర చొప్పున అయితే నెలకి 4,500, బ్యాచ్‌కి 9 వేలు. నూనె ఖర్చు కంటే తక్కువే. దీనికీ ఖరీదుంది. అన్నదమ్ములు అప్పిచ్చినవాడు, పుచ్చుకున్నవాడు అయిపోతారు. "నా దగ్గర వడ్డీ లెక్కలా" అని ఆయన నొచ్చుకోవచ్చు. అలా నొచ్చుకుని వడ్డీ వద్దంటే నూనె మాట కూడా అక్కడే తెగిపోతుంది. తీసుకుంటానంటే లెక్క తేటగా ఉంటుంది. రెండూ ఇప్పటికంటే నయమే.

కొంత బ్యాంకుకి మార్చుకోవచ్చు. కిసాన్ క్రెడిట్ కార్డు 2018-19 బడ్జెట్ నుంచి కోళ్ల పెంపకంతో సహా పశుపోషణకి కూడా వర్తిస్తుంది. అది షెడ్డు కట్టడానికి కాదు, పిల్లలు, దాణా, మందుల రోజువారీ ఖర్చుకి. ఆ ఖర్చు బ్యాంకు మీద పెట్టుకుంటే అమ్మకం డబ్బులోంచి బ్యాచ్‌కి 25 వేలో 30 వేలో బావగారికి తీర్చుకుంటూ పోవచ్చు. తిప్పుతారు, కాగితాలడుగుతారు. గడువు తప్పితే బ్యాంకు అన్నగారిలా ఊరుకోదు.

కంపెనీ ఇంటిగ్రేషన్‌లోకి వెళ్లడం అన్నిటికంటే పెద్ద మార్పు. పిల్లలు, దాణా, మందులు వాళ్లవే. దాణాలో మీరేమీ కలపకూడదు. కాబట్టి నూనె సమస్య దానంతటదే పోతుంది, బావగారికి చెప్పే కారణం కూడా దొరుకుతుంది. రేటు పడినా మీ గ్రోయింగ్ చార్జీ, అంటే పెంచినందుకు ఇచ్చే కూలి, మీకొస్తుంది. రేటు పెరిగిన బ్యాచ్‌లో మాత్రం లాభం మీది కాదు, పిల్లలు ఎప్పుడు దించాలో, కోళ్లు ఎప్పుడు ఎత్తాలో మీ చేతిలో ఉండదు. ఇన్నేళ్లు లెక్క పుస్తకం రాసిన మీకు అది ఊపిరాడనట్టు ఉంటుందేమో. ఒక్క నూనె తప్పించుకోవడానికి ఇంత దూరం వెళ్లాలా అన్నది నా సందేహం.

ఏ దారి పట్టినా బావగారితో మాట్లాడాల్సింది మీవారే. మీరు మాట్లాడితే అది తోడికోడలి నూనెకి వంకలు పెట్టడమే అవుతుంది, పెళ్లిలో మాట మళ్లీ మొదలవుతుంది. మీవారికి పుస్తకం ఇచ్చి పంపండి. ముందుగా బస్తా లేబుల్ చూపించమనండి: "దాణాలో నూనె ముందే ఉందట అన్నా, మనం పోసేది ఎక్కువై కొవ్వు పడుతుందట, షాపాయన రేటు తగ్గించిండు." ఇందులో ఒక్క అబద్ధం లేదు, ఆయన నూనె మంచిదా చెడ్డదా అన్న మాటే రాదు. అక్కడితో ఒప్పుకుంటే మంచిదే. "మరి ఇంత నూనె ఏం చేయాలి" అంటే దానికీ జవాబుంది. వాడేసిన వంటనూనెని బయోడీజిల్‌కి సేకరించే పథకం ఆహార భద్రత సంస్థే 2018లో మొదలుపెట్టింది. అనుమతి ఉన్న సేకరణదారులు హోటళ్లకి వచ్చి కొని తీసుకెళ్తారు. రోజుకి 50 లీటర్లకు మించి వేయించే నూనె వాడే హోటళ్లయితే లెక్క రాసి వాళ్లకే ఇవ్వాలన్న నియమం కూడా ఉంది. ఆయన ఆదాయం పూర్తిగా పోదు, ఆయనకి రాబోయే చిక్కు కూడా తప్పుతుంది. తమ్ముడు ఈ సంగతి తెలుసుకుని వచ్చి చెప్తే ఫిర్యాదులా కాక సాయంలా ఉంటుంది.

ఎప్పుడైనా సొంతంగా దాణా కలుపుకుంటే అప్పుడు నూనె వాడుకోండి. మొదటివారం వద్దు, పసి కోడిపిల్లలకి కొవ్వు సరిగా అరగదు. తర్వాత 2 శాతం, ఫినిషర్‌లో 3 చాలు. పైన పోయడం కాదు, మొక్కజొన్న తగ్గించి, సోయా కాస్త పెంచి, ఫార్ములా మొత్తం సరిచేయించాలి. చేత్తో కలిపేటప్పుడు ముందు నాలుగైదు కిలోల సోయా చెక్కకి నూనె పట్టించి, ఉండలు నలిపి, అప్పుడు మిగతాదాంట్లో వేయండి. ఎండాకాలంలో వారానికి సరిపడానే కలపండి. తవుడు నూనె మనకి దగ్గర్లో దొరుకుతుంది గానీ తవుడు మిల్లులోంచి బయటికొచ్చిన గంటల్లోనే పులవడం మొదలుపెడుతుంది. కాబట్టి ఫ్రీ ఫ్యాటీ ఆసిడ్స్ ఎంతో అడిగే కొనండి. ఆముదం, కానుగ, వేప నూనెల జోలికి పోకండి.

అవిసె నూనెతో మాంసంలో ఒమేగా-3 పెరగడం నిజమే. ఎక్కువైతే చికెన్‌కి చేపవాసన వస్తుంది. కానీ మీరు అమ్మేది ప్రాణంతో ఉన్న కోడిని, కాటా మీద. ఆ కాటాకి ఒమేగా తెలియదు. ల్యాబు కాగితం, ప్యాకెట్, ఎక్కువ రేటు ఇచ్చే టౌను ఖాతాదారు, ఈ మూడూ ఉంటే తప్ప ఖర్చు రాదు. ప్రయత్నించినా హార్డ్‌వేర్ షాపులో పెయింట్ల పక్కన దొరికే డబుల్ బాయిల్డ్ అవిసె నూనె ఎట్టిపరిస్థితుల్లోనూ తేకండి. తొందరగా ఆరడానికి అందులో లోహపు లవణాలు కలుపుతారు.

నాలుగో ప్రశ్నకి వస్తాను. ఇప్పటిదాకా అమ్మినవాటి గురించి రాత్రిళ్లు కూర్చుని బాధపడకండి, తెలియక చేశారు. కానీ ఇంట్లో వండడం మానేసిన రోజు నుంచి మీకు తెలుసు. ఇకమీద డబ్బా మూత తీయడం తెలిసి చేయడమే అవుతుంది. మీవారితో మాట్లాడేటప్పుడు ఎఫ్‌సీఆర్ కంటే ముందు ఈ మాట చెప్పండి. లెక్కలకి కదలని మనిషి దీనికి కదలవచ్చు.

షెడ్డు మూలన ఇంకా నాలుగు డబ్బాలున్నాయని రాశారు. గేదెకి పెడదామని ఇంట్లో ఎవరైనా అంటారు, వద్దు. కాలువలో పోయకండి. మూతలు బిగించి, మీవారు మాట్లాడటానికి వెళ్లే రోజు ఆటోలో వేసి పంపండి, బయోడీజిల్ వాళ్లు వచ్చినప్పుడు బావగారి వాటితో పాటే పోతాయి.